రాణి బిళ్ళల దండలో రెండు కొత్త నాణేలు

వెండి పనివాడి చేతికి నాణెం ఇస్తే వాడు బొమ్మ చూడడు, అంచు చూస్తాడు. రింగు ఎక్కడ అతికితే నిటారుగా వేలాడుతుందో అన్నదే వాడి ధ్యాస. మస్కట్‌లో, రూవి బజారులో పని బల్ల ముందు కూర్చున్నన్నాళ్ళూ నా ధ్యాసా అంతే. ఇప్పుడు బల్ల దిగిపోయాను. దార్సైట్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్లో ఉంటూ, పొద్దున మనవరాలిని స్కూలు గేటు దాకా దింపి రావడం ఒక్కటే నా డ్యూటీ. నా తర్వాత ఆ బల్ల మీద కూర్చున్న కుర్రవాళ్ళు సెలవు రోజున కనిపిస్తే, "పెద్దాయనా, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడుగుతుంటారు. నడుముకి పెట్టుకునే వంపు కత్తి ఒరకి వెండి తీగ అల్లడమని చెబుతాననుకుంటారు. నేను చెప్పేది వాళ్ళలో ఎవరైనా టీ చల్లారేలోపు చేసేసే పని. రెండు నాణేలకి రెండు రింగులు అతకడం. పేర్లు మాత్రం రాయను. మనుషులవీ రాయను, ఆ నాణేలు వేసిన దేశాలవీ రాయను. ఆ దేశాల పేర్లకి నాకు నోరు తిరగదు కూడా.

ఒమన్‌లో పాతకాలపు ఆడవాళ్ళ వెండి చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ వెండి నాణెం దాచుకునేది కాదు, మెడలో వేసుకునేది. ఎక్కడిదో ఒక పరదేశపు మహారాణి బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణేలు ఒకప్పుడు ఈ తీరమంతా చెల్లేవట. వాటికి రింగులు అతికి, మధ్యలో పగడాలు గుచ్చి దండలు చేసేవారు. మన కాసుల పేరు లాంటిదే అనుకోండి, బంగారానికి బదులు వెండి. మా షాపులో వాటిని రాణి బిళ్ళలు అనేవాళ్ళం. బిళ్ళ ఊడిపోతే ఇంకో రాణి బిళ్ళ కడతాం. అది దొరక్కపోతే ఆ సైజులో ఏ వెండి నాణెమైనా కడతాం. నాకు ముందున్నవాళ్ళు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

కౌంటర్లో మా భాయ్ ఉండేవాడు. కడపవాడు. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు, గిరాకీతో అరబ్బీ, ఒక్కడే ఉంటే మూడూ కలిపి మాట్లాడేవాడు. నాది ప్రొద్దుటూరు కాబట్టి తనని నా బంధువుగా లెక్కేసుకుని నా మీద అధికారం చెలాయించేవాడు.

ఆ నాణేలు తెచ్చిన అమ్మాయిది గోదావరి జిల్లా. మబేలాలో ఒక ఒమానీ ఇంట్లో పని. శుక్రవారం సెలవు. బస్సెక్కి దార్సైట్ గుడికి వచ్చి, దణ్ణం పెట్టుకుని, తిరిగి వెళ్తూ మా షాపు మెట్లెక్కేది. ఆ ఇంటి పెద్దావిడ ఏదో ఒకటి ఇచ్చి పంపేది. ఒకసారి సొట్టపోయిన కడియం, ఒకసారి మూత బిగుసుకుపోయిన కాటుక భరిణె. ఇంటి పెద్దావిడని పనివాళ్ళు ఇక్కడ మామా అంటారు, అమ్మ అని అర్థం. మామా ఇలా అన్నారు, మామా అలా నవ్వారు అని ఆ అమ్మాయి చెబుతూనే ఉండేది. ఆవిడని నేను చూడకపోయినా మా పక్కింటావిడంత తెలుసు. చూపు మందగించింది. రాణి బిళ్ళల దండ నిద్రలో కూడా తియ్యదు. అందులో రెండు బిళ్ళలు ఎప్పుడో ఊడిపోయాయి, వాటి చోటు ఖాళీ.

ఒక శుక్రవారం ఆ దండనే పట్టుకొచ్చింది. దాంతోపాటు గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీల్లో రెండు వెండి నాణేలు.

"బాబాయ్ గారండీ, ఈ రెండూ ఆ ఖాళీల్లో కట్టించుకు రమ్మన్నారండి మామా. మనవరాలి పెళ్ళికి ఏసుకుంటారంటండి. వచ్చే శుక్రారానికి అయిపోద్దాండి?"

"యాడివమ్మా ఇవి? బో కొత్తగా ఉండాయే."

"ఆళ్ళింట్లోయేనండి. మామాయే నా చేతిలో ఎట్టారండి."

నాకు అంతకంటే అడగాల్సిన అవసరం కనబడలేదు. దండ వచ్చింది, నాణేలు వచ్చాయి, ఖాళీలు కళ్ళ ముందే ఉన్నాయి. డబ్బీలు తెరుచుకోకపోతే భాయ్ కత్తి మొన పెట్టి టక్కున పగలగొట్టి, "ఎంత గట్టిగా ప్యాకింగ్ చేసినార్ అన్నా, మిఠాయి డబ్బా కూడా ఇంతుండదు" అని ముక్కలు చెత్తబుట్టలో వేశాడు.

నాణేలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. నేల భాగం అద్దం, బొమ్మ భాగం మంచు పట్టినట్టు తెలుపు. ఒకదాని మీద నక్షత్రాలు. అంత నునుపైన అచ్చు నేను అంతకుముందు చూడలేదు. చూసి, మెచ్చుకుని, అంచుకి వెలిగారం రాసి మంట పెట్టాను. వేడి తగిలేసరికి అద్దం మసకబారింది, మంచు కరిగింది. వెండి అన్నాక అది మామూలే. చింతపండు నీళ్ళలో ఉడికించి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, రాణి బిళ్ళల పక్కన కలిసిపోయేలా మెరుగు పెట్టాను. ఈ రోజుకీ చెబుతున్నాను, ఆ అతుకు మంచి అతుకు. పట్టి లాగినా ఊడదు. తర్వాత జరిగిందానికి దాన్ని నిందించకూడదు.

శుక్రవారం ఇంకా రానేలేదు, వారం మధ్యలోనే ఒక పొద్దున ఆ అమ్మాయి వచ్చింది. ముందు ఒక పెద్దమనిషి. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తలకి ఎంబ్రాయిడరీ టోపీ, చక్కటి హిందీ. మామా కొడుకు. అద్దాల బీరువాలో రెండు గూళ్ళు ఖాళీగా కనిపించాయట. అడిగితే ఈ అమ్మాయి షాపు పేరు చెప్పిందట.

"నా నాణేలు ఎక్కడ?"

భాయ్ సంతోషంగా దండ తీసి గాజు మీద పరిచాడు. పని బాగా కుదిరినప్పుడు గిరాకీ మొహం చూడ్డం వాడికి సరదా. ఆ పెద్దమనిషి దండ వైపు చూసి, వంగి, ఇంకా దగ్గరగా చూసి, కౌంటర్ అంచు పట్టుకున్నాడు. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం కాదు. సొంతవాళ్ళకి దెబ్బ తగిలితే మనిషి మొహం ఎలా అవుతుందో అలా అయింది.

అప్పుడు చెప్పాడు. ఆయన చదువుకునే రోజుల్లో యూరప్‌లో హాస్టల్లో ఉన్నాడట. గదిలో ఇద్దరు స్నేహితులు, ఒక్కొక్కరిదీ ఒక్కో చిన్న దేశం. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఆ దేశాలు తమ సొంత డబ్బు వదులుకుని అందరితో కలిసి యూరోలోకి వచ్చాయి. అలా వచ్చినప్పుడు గుర్తుగా వేసిన నాణేలట అవి. ఎవరి దేశం చేరినప్పుడు వాళ్ళు గుర్తు పెట్టుకుని ఈయనకి పంపారు. అందులో ఒకాయన ఇప్పుడు లేడు. ఆ నాణేల్ని ఈయన ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు, డబ్బీ తియ్యలేదు. తీస్తే వాటి మెరుపు పోతుందట.

నేను వాటిని చింతపండుతో ఉడికించాను.

భాయ్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడనప్పుడు వాడు ఊరుకోడు, ఏదో ఒకటి చేస్తాడు. గబగబా సొరుగు లాగి, దీపావళికి అమ్మగా మిగిలిన లక్ష్మీదేవి వెండి నాణేలు రెండు తీసి ఆయన ముందు పెట్టాడు. "సార్, ఇవి తీసుకోండి. తూకంలో ఇంకా ఎక్కువే." ఆయన ఆ లక్ష్మీదేవిని చూసిన చూపుకి నేను బల్ల కిందకి దూరిపోదామనుకున్నాను.

"డబ్బీ ఎవరు తెరిచారు? మంట ఎవరు పెట్టమన్నారు?"

భాయ్ ఆ అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు. "ఈవిడ తెచ్చింది సార్. కట్టమంది, కట్టినాం." అబద్ధమేమీ కాదు.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మా అమ్మ పంపిందా?"

"లేదు సార్. నేనే తెచ్చాను."

"ఎందుకు?"

తల వంచుకుని నిలబడింది. ఆయన గొంతు పెంచలేదు. రేపు వీసా క్యాన్సిల్ చేయిస్తానన్నాడు. దానికంటే ముందు ఇక్కడి నుంచి పోలీసు స్టేషన్‌కి వెళ్దామన్నాడు. తాళం వెయ్యని బీరువాలోంచి చెప్పకుండా తీసుకెళ్ళడాన్ని ఏమంటారో అక్కడ వాళ్ళే చెబుతారన్నాడు.

నాకు మతి పోయింది. ఆయనకి అర్థం కాకుండా తెలుగులో అడిగాను. "ఏందమ్మా ఇది? మామా పంపిచ్చిందని నాతో చెప్పినావు కదా?"

ఆమె నా వైపు తిరగనైనా తిరగలేదు. బస్సు టైము చెబుతున్నట్టు మామూలు గొంతుతో అంది. "ఊరుకోండి బాబాయ్ గారండీ. మతిమరుపొచ్చిందని మామాని ఇప్పటికే పొయ్యి దగ్గరికి ఎళ్ళనివ్వట్లేదండి. ఫోను తీసేసుకున్నారండి. ఇది తెలిత్తే ఆ దండ కూడా పట్టుకెళ్ళి బ్యాంకులో పడేత్తారండి. ఆవిడకి మిగిలిందదొక్కటేనండి. సెప్పనని ఒట్టేశానండి."

"మరి నీ సంగతి?"

"నాదేముందండి. ఇంటికెళ్ళిపోతాను, అంతేగా."

అంటూనే కింది పెదవి పళ్ళ మధ్య బిగించింది. ఇంటికెళ్ళడం వేరు, దొంగ అనే పేరుతో వెళ్ళడం వేరు. అది ఆమెకీ తెలుసు. ఆ ముద్ర పడితే మళ్ళీ గల్ఫ్ గడప తొక్కనివ్వరు. ఊళ్ళో ఆమె పేరు మీద రెండు గదుల ఇల్లు కిటికీల దాకా లేచి ఆగి ఉంది. ఇక్కడే, ఈ కౌంటర్ దగ్గరే ఫోన్లో ఫోటో చూపించి మురిసిపోయింది.

భాయ్ నా కాలు తొక్కాడు. "అన్నా, మనకెందుకు? ఆమె తెచ్చింది, మనం చేసినాం. నోరు మూసుకో."

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు ఎవరి మీద వచ్చిందో నాకే తెలియదు. పోలీసు మాట ఎత్తిన ఆయన మీద, కాలు తొక్కిన భాయ్ మీద, అన్నిటికంటే ఎక్కువగా ఒట్టు పట్టుకుని వేలాడుతున్న ఆ పిల్ల మీద. లేచి కౌంటర్ దగ్గరికి వచ్చాను.

"సార్, ఈ దండ ఎవరిది?"

"మా అమ్మది."

"నిద్రలో కూడా తియ్యదంటారు. మరి ఆమె మెడలోంచి ఇక్కడికి ఎట్లా వచ్చింది? దొంగ ఎవరైనా మీ నాణెం ఎత్తుకుపోయి మీ అమ్మ మెడలోనే కడుతుందా?"

ఆయన దండ వైపు మళ్ళీ చూశాడు. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒట్టు తను తప్పలేదు, నేను తప్పించాను.

"పని నాది సార్. దండ నేనే వచ్చి ఆమె చేతిలో పెడతా. ఆ తర్వాత ఎవర్ని యాడికి తీసుకుపోతారో మీ ఇష్టం."

కారులో మబేలా బయల్దేరాం. దారిలో వెనక సీట్లోంచి, "మీ మాటే నెగ్గాలేంటండి బాబాయ్ గారండీ" అని వినిపించింది. నేను కిటికీలోంచి దారి చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద తగాదాతో వెళ్ళినా ముందు ఖర్జూరం తినాలి, కహ్వా, అంటే ఏలకుల కాఫీ, తాగాలి. అది అయ్యేదాకా అసలు మాట ఎత్తరు. కహ్వా పోసింది కూడా ఆ అమ్మాయే. తన మీద తీర్పు చెప్పబోయేవాళ్ళకి తనే గిన్నెలు నింపింది. మామా నేల మీద పరుపు మీద, గోడకి దిండు ఆనించుకుని కూర్చుంది. నేను అనుకున్నదానికంటే చిన్న మనిషి. దండ చేతిలో పెట్టగానే వేళ్ళతో ఒక్కొక్క బిళ్ళా తడుముతూ పోయి, కొత్తవి రెండూ తగలగానే ఆగింది. అంచు మీద బొటనవేలు తిప్పి చూసి, మెడలో వేసుకుంది.

కొడుకు నెమ్మదిగా అడిగాడు. వాళ్ళ అరబ్బీలో నాకు అన్ని మాటలూ తెలియలేదు. తెలిసినంత రాస్తున్నాను.

"అమ్మా, ఈ నాణేలు ఎవరు తీశారు?"

"నేను. ఇంకెవరు తీస్తారు?"

"అవేమిటో నీకు తెలుసా?"

"నువ్వే చెప్పావుగా. పోస్టులో వచ్చిన రోజు నా పక్కనే కూర్చుని చెప్పావు. చాలా దేశాలు కలిసి ఒకే డబ్బు పెట్టుకున్నాయి, ఇది దాని గుర్తు అని." ఆవిడ పక్కనున్న రాణి బిళ్ళ పట్టుకుంది. "ఈవిడ ఎవరో నాకు తెలియదు. మా నాన్నకీ తెలియదు. పడవెక్కి జాంజిబార్ వెళ్ళినా ఆయన చేతిలో ఈవిడే చెల్లింది, బస్రా వెళ్ళినా ఈవిడే చెల్లింది. ఇదీ అందరి డబ్బే, అదీ అందరి డబ్బే. ఒక దండలో ఉంటే ఏం?"

"నాతో ఒక మాట అనకూడదా?"

"అంటే నాకు మతి పోయిందంటావు."

మేం షాపులో ఉన్నంతసేపూ ఆ మాటే రాకూడదని ఒక ఆడమనిషి పోలీసు స్టేషన్‌కి సిద్ధపడింది. మామాకి కళ్ళు కనిపించకపోయినా చెవులు బాగానే వినిపిస్తాయి. కహ్వా కూజా పట్టుకున్న పిల్ల ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "ఈ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?" అని అడిగింది. కొడుకు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత, రింగులు తీసేస్తే నాణేలు మళ్ళీ మునుపటిలా అవుతాయా అని నన్ను అడిగాడు. కావని చెప్పాను. తీస్తే మచ్చ ఉంటుంది, తీయకపోతే రింగు ఉంటుందన్నాను. "అయితే ఉండనీ" అన్నాడు. నన్ను రూవిలో దింపమని డ్రైవర్‌కి చెప్పాడు. అంతే. ఆ పిల్లతో తప్పయిందని ఒక్క మాట అనలేదు. అంటే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు. తిరుగు దారంతా నాకు అదే మంట.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె రాలేదు. దాని తర్వాతి శుక్రవారమూ రాలేదు. "పంపించేసుంటారు అన్నా. ముసలావిడ ముందు ఊరకున్నా తర్వాత ఊరకుంటారా?" అన్నాడు భాయ్. ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యలేదు. ఇక్కడ నంబరు పనిచెయ్యలేదంటే మనిషి విమానమెక్కిందనే అర్థం. దేవుడి మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, ఆ రోజుల్లో దార్సైట్ గుడికి వెళ్ళి ఆడవాళ్ళ వరస వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. మా ఆవిడ ఉంటే ఏమనుకునేదో. నేను నోరు విప్పడం వల్లే ఆమె పోయిందేమోనని భయం. విప్పకపోయినా పోయేదే, నాకు తెలుసు. తెలిసినా భయం పోలేదు.

మళ్ళీ కనిపించింది నేను బల్ల దిగబోయే ముందు. ఇంకో దేశం తన డబ్బు వదిలేసి యూరోలో చేరిందని టీవీలో చెప్పిన కొన్నాళ్ళకి. ఒక శుక్రవారం సాయంత్రం మెట్లెక్కి వచ్చి, ఏమీ జరగనట్టు, "బాగున్నారాండి బాబాయ్ గారూ?" అంది. కాస్త ఒళ్ళు చేసింది. ఫోను నీళ్ళలో పడిపోయి నంబరు మారిందట. మామా జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట. అప్పటి నుంచి శుక్రవారం సెలవు తనే వద్దనుకుందట. నేను కుర్చీ చూపించాను.

సంచిలోంచి దండ తీసింది. దాని పక్కన ఒక డబ్బీ పెట్టింది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ, లోపల అద్దంలా మెరుస్తున్న వెండి నాణెం. అది చూడగానే భాయ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడ దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది కూడా దండలోకేనండి. మామా సోటు సూపించారండి, ఇదిగో, ఈ పక్కనండి."

"అమ్మా, నువ్వేమనుకున్నా సరే. సార్‌కి ఫోన్ చేసి అడగంది నేను దీన్ని ముట్టను."

"అడగండండి." నవ్వుతూ మెడలో దారం పైకి లాగింది. దారానికి చిన్న తాళం చెవి. "సార్ రెండు తెప్పించారండి. ఒకటి బీరువాలోకి, ఒకటి మామాకి. ఇప్పుడు బీరువాకి తాళం ఏయించారండి. తాళం సెవి నా దగ్గరే ఉంటదండి."

అయినా ఫోన్ చేశాను. ఒకసారి కాలినవాణ్ణి. నాణెం వచ్చింది, దండలో కట్టమంటున్నారు, మీకు సమ్మతమేనా అని అడిగాను.

"ఆ అమ్మాయి చెప్పిందా?"

"చెప్పింది సార్."

"ఆమె చెప్పాక మళ్ళీ నన్ను అడగడం దేనికి?" అని పెట్టేశాడు.

ఆ మాట ఆమెకి చెప్పాను. తాళం చెవి మళ్ళీ లోపలికి వేసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "శుక్రారానికి అయిపోద్దాండి?" అంది. అవుతుందన్నాను. గ్యాస్ కట్టేసి, మంట అక్కర్లేకుండా నాణెం చుట్టూ మడిచే వెండి పట్టీ కత్తిరించడం మొదలుపెట్టాను.